మా అవ్వ మాట్లాడే చెవి

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. నాతో పాటు మగ్గం నడిపే దేవదాస్‌కీ ఇదే షరతు పెట్టాను. వాడు మాటిచ్చి మరీ నవ్వాడు.

నా ఎడమ చెవి నరం మీద రేగుపండంత గడ్డ లేచిందని, ఆపరేషన్ చేసి తీసేశారని మీకు తెలుసు కదా. గడ్డతో పాటు ఆ చెవి వినికిడీ పోయింది. మూతి కుడివైపు జరిగింది. ఎడమ కన్ను మూతపడదు, నిద్రలో కూడా తెరుచుకునే ఉంటుంది. ఎదురింటి పద్మారాణి పంచదార అడగడానికి వచ్చి, గురక పెడుతూ తననే చూస్తున్న నన్ను చూసి, గిన్నె వదిలేసి పరిగెత్తింది. గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఒంటి చెవికి చప్పుడు వినిపిస్తుంది గానీ, ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు. కుక్కర్ కూతేస్తే నేను వెళ్లి బీరువా తలుపు తీశాను.

అంతకంటే వింత ఇంకోటుంది. చచ్చిన చెవిలో ఒక మగ్గం నడుస్తుంది. గుజరాత్‌లో మేముండే గోడాదరాలో ఖాతాలకు, అంటే మగ్గాల షెడ్లకు, సెలవై గల్లీ అంతా మూగబోయినా అది మాత్రం టకటకా ఆడుతూనే ఉంటుంది. ఎవరు నేస్తున్నారో, ఎవరికి నేస్తున్నారో నాకు తెలియదు.

"ఉన్న చెవిని మగ్గాల మోతకు దూరంగా ఉంచు, అదీ పోతే నేనేం చేయలేను" అన్నాడు డాక్టరు. మా ఆవిడ వినోద ఆ మాట పట్టుకుని గడప దగ్గరే కాపలా కూర్చుంది. తను పొద్దంతా కూలికి చీరలకు తళుకు రాళ్లు అంటిస్తుంటే నేను కూర్చుని తినడం. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

"జర ఖాతాకు పోయొస్తనే" అన్నాను.

"పో. ఆ చెవి గూడ ఆడనే పెట్టి రా."

"చెవుల దూది పెట్టుకుంట."

"నోట్ల గూడ పెట్టుకో. ఇల్లు సల్లగుంటది."

అప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి బుచ్చవ్వ, పోయిన ఏడు ఈ ఇంట్లోనే కాలం చేసింది. వినోద ఈ లోకంలో భయపడింది ఆమె ఒక్కదానికే. మర్నాడు పొద్దున్నే ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని, "ఆ, చెప్పే అవ్వా..." అన్నాను.

వినోద చేతిలో రాయి జారిపోయింది. "ఎవరితోని?"

"మా అవ్వ. గీ చెవిల మాట్లాడుతున్నది."

"ఏమంటున్నది?"

"బోటి కూర తినబుద్ధైతున్నదట."

వినోద వణుక్కుంటూ వండింది, ఫొటో ముందు పెట్టింది. అవ్వ తరఫున నేను తిన్నాను. తర్వాత అవ్వకు చేపలు కావాలనిపించింది, తలకాయ కూర కావాలనిపించింది. కల్లు కూడా అడిగేదే. తాగుడు నిషేధమున్న గుజరాత్‌లో ఆమెకు మాత్రం ఎక్కడ దొరుకుతుందని ఊరుకుంది.

ఈ కబురు గల్లీలో గుప్పుమంది. పద్మారాణి గిన్నె సంగతి మరిచిపోయి, పోయిన మామ బాగోగులు అడగడానికి వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు. నా ఎడమ పక్కన చోటు కోసం ఆడవాళ్లు కొట్లాడుకున్నారు. అందరి పెద్దలూ క్షేమమేనని చెప్పి పంపాను.

ఇక అసలు మాట వదిలాను. "అవ్వ నన్ను ఖాతాకు పొమ్మంటున్నదే. రేపటి నుంచే."

వినోద రాళ్ల డబ్బాకు మూత పెట్టింది. "అత్తమ్మ చెప్పినంక నేనెవరు?" అంది.

ఆ రోజు ఖాతాలకు సెలవు. మధ్యాహ్నం వినోద గిన్నె తీసుకుని, పద్మారాణికి ఇచ్చొస్తానని వెళ్లింది. నేను బీరువా అద్దం ముందు నిలబడి కంట్లో చుక్కలు వేసుకుంటున్నాను. గల్లీలో అలికిడి లేదు. నా చెవిలో మగ్గం తప్ప.

"లింగా..."

మా అవ్వ గొంతు. చివర్లో ఆ సాగదీత కూడా ఆమెదే. ఎటు నుంచో తెలియలేదు. గిర్రున తిరిగేసరికి తూలి చీరల మూట మీద పడ్డాను. ఏడాదైంది ఆ గొంతు విని. భయంతో పాటు ఏడుపొచ్చింది.

"ఖాతాకు పోకు బిడ్డా. ఉన్న చెవి కాపాడుకో."

ఆ మాట ముగియకముందే అద్దంలో వంటింటి తెర కదిలింది. తెర సందులో వినోద, వెళ్లినట్టే వెళ్లి వెనక్కొచ్చింది. మగ్గాల మోతలో పనిచేసేవాళ్లం మేము, మాటలు చెవులతో వినం, ఎదుటివాళ్ల పెదవులు చూసి పట్టుకుంటాం. ఆ మాటలు అన్న పెదవులు వినోదవే. ఏళ్ల తరబడి తిట్లు తిని అత్త గొంతు అచ్చుగుద్దినట్టు నేర్చేసింది! నాకు నవ్వొచ్చింది. లేచి నాలుగు దులుపుదామని నోరు తెరిచాను.

"నీ పెండ్లాం మాట ఇను కొడుకా."

అదే గొంతు. అద్దంలో వినోద కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. పెదవులు కదల్లేదు. అప్పుడే గమనించాను, ఎడమ చెవిలో మగ్గం ఆగిపోయింది.

"ఏమన్నవే నువ్వు?" అన్నాను.

"ఖాతాకు పోకు అన్న."

"ఆ తర్వాత?"

"తర్వాత ఏమనలే." నా ముఖం చూసి కొంగు వదిలేసింది. "ఏమినవడ్డది?"

"నీ మాట ఇనుమన్నది."

"అత్తమ్మనా! బతికున్నన్ని దినాలు గా మాట అనలే గదా!" అని పకపకా నవ్వి, సగంలో ఆపేసింది.

సాయంత్రానికి మగ్గం మళ్లీ మొదలైంది. నేను మాత్రం ఖాతాకు పోలేదు. ఇప్పుడు వినోద పక్కన కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తున్నాను. దేవదాస్ నవ్వితే నవ్వనీ.

కాకపోతే కొత్త తంటా వచ్చిపడింది. రోజూ అన్నాలయ్యాక వినోద నా ఎడమ పక్కన చేరి, ఆ చెవికి నోరు ఆనించి ఏదో చెబుతుంది. నాకు ముక్క వినబడదు. అద్దంలో చూద్దామంటే కొంగు అడ్డం పెడుతుంది. అడిగితే, "అత్తాకోడండ్ల ముచ్చట, నీకెందుకు?" అంటుంది.

చెబితే చెప్పుకోనీ అనుకున్నాను. కానీ నిన్న మాట మధ్యలో ఆగింది. నా చెవికి తన చెవి ఆనించి కాసేపు విన్నది. తలూపింది. "సరే అత్తమ్మా" అని లేచి, నా వైపు అదోలా చూసింది.

"బోటి కూర ఆమె అడగలేదట" అంది.

ఇవాళ నా కంచంలో సొరకాయ పడింది. నోరు మూసుకుని తిన్నాను.