వేడెక్కిన ప్రాసెసర్‌కు వందనాలు

కొత్త కంప్యూటర్ నత్తనడక నడవడం అదృష్టం! నవ్వకండి. ఒక ఇంటి సంగతి చెబుతాను, విన్నాక మీరే తీర్పు చెప్పండి.

ఆ ఇంటావిడ ఉద్యోగం, ఇంకా పునాది కూడా తియ్యని ఇళ్లకు కంప్యూటర్‌లో రంగుల బొమ్మలు తయారుచేయడం. ఇంటి నుంచే పని. పాత కంప్యూటర్ కన్నుమూయగానే భర్త విడిభాగాలు కొనుక్కొచ్చాడు. "షాపువాళ్ల చేతిలో పెట్టడమెందుకు, నేను లేనూ!" అంటూ స్వహస్తాలతో బిగించాడు. ప్రాసెసర్ డబ్బా మీద వేగం అయిదు గిగాహెర్ట్జ్ అని ఉంది. స్క్రీన్ మీద చూస్తే ఒకటి కూడా దాటలేదు!

అరగంటలో రావలసిన బొమ్మకు ఒక పూట పట్టేది.

పడితేనేం? ఆలోగా ఆవిడ వేడివేడిగా అన్నం తినేది. అత్తగారి పక్కన కూర్చునేది. అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిందనీ, ఊరందరి గుట్టూ విన్నదనీ కోడలికి తెలిసింది అప్పుడే!

"అమ్మాయ్, ఆ బొమ్మకి ఇంకా ఎంతసేపే?"

"సగమే అయింది అత్తయ్యా."

"అయితే కూర్చో. డాక్టరుగారు రాంగ్ నంబర్‌ను పెళ్లాడిన కథ మిగిలే ఉంది."

ఇక భర్తగారు ఊరుకుంటాడా? విండోస్ మళ్లీ వేశాడు. డ్రైవర్లు మార్చాడు. వోల్టేజీని తిట్టాడు, ఎండను తిట్టాడు. చివరికి టేబుల్ ఫ్యాన్ కంప్యూటర్ వైపు తిప్పి, తను చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. "బిగించడంలో ఏమన్నా..." అని ఆవిడ అనబోతే, ఆయన మొహం ప్రాసెసర్ కంటే వేడెక్కింది.

ఒక ఆదివారం ఆయన కునుకు తీస్తుండగా ఆవిడే మరలు విప్పింది. ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాన్ అడుగున సన్నటి ప్లాస్టిక్ పొర. దాని మీద ఎర్రటి అక్షరాలు: "బిగించే ముందు తీసేయండి." వేడి బయటికి పోయే దారి లేక, మాడిపోకుండా ఉండటానికి పాపం ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటోంది!

పొర తీసి, మళ్లీ బిగించింది. లేచిన భర్త స్క్రీన్ చూసి ఎగిరి గంతేశాడు.

"చూశావా! నేను చేసిన అప్‌డేట్ ఇప్పటికి పట్టింది!"

"అవునండీ," అంది ఆవిడ, పొరను చెత్తబుట్టలో వేస్తూ. కాపురాలు ఊరికే నిలబడవు.

బొమ్మలు చకచకా వెళ్తుంటే ఆఫీసు మేనేజర్ మురిసిపోయాడు. మురిసిపోయి ఊరుకుంటే అతను మేనేజర్ ఎలా అవుతాడు? రోజుకు రెండు బొమ్మలు ఆరయ్యాయి, ఆరు పన్నెండయ్యాయి. అన్నం కంచం కీబోర్డు పక్కకు చేరింది. అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూసి వెనక్కి వెళ్లిపోయేది.

ఒకరోజు ఆవిడకు ఒళ్లు పేలిపోయే జ్వరం వచ్చింది. ఫోన్ చేసింది.

"సార్, రెండు రోజులు సెలవు కావాలి."

"కూర్చుని చేసే పనే కదమ్మా! ఒక మాత్ర వేసుకుని కానిచ్చెయ్యండి."

ఆవిడ కంప్యూటర్ వంక చూసింది.

"సరే సార్. కాకపోతే కంప్యూటర్ కూడా బాగా వేడెక్కుతోంది."

"అయ్యయ్యో! ఆ మాట ముందు చెప్పరేం? వెంటనే ఆపెయ్యండి! చల్లబడేదాకా ముట్టుకోవద్దు. రెండు రోజులు కాదు, నాలుగు రోజులైనా పర్లేదు. పాపం, దాన్ని అలా ఇబ్బంది పెడితే ఎలాగమ్మా?"

ఆవిడ స్విచ్చి కట్టేసి, కంప్యూటర్ ఆరోగ్యం కోసం దుప్పటి కప్పుకుని పడుకుంది.