చవక గిటారు మీద విచారణ

భార్య అడిగిన వస్తువును వద్దనడం మోటు పద్ధతి. "తప్పకుండా కొందాం, కాకపోతే మంచిది కొందాం" అనడం నాగరికమైన పద్ధతి. తలుపుల ఫ్యాక్టరీలో ఆఖరి తనిఖీదారుగా పనిచేసే కొలబద్దగారు ఈ విషయంలో మహా నాగరికులు.

కొలబద్ద అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట ఉక్కు కొలబద్ద ఉండేది గనుక ఫ్యాక్టరీవాళ్ళు పెట్టారు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించారు. ప్యాంటు జేబులో రెండు స్టిక్కరు చుట్టలుండేవి. పాసైన తలుపుకు పచ్చది, ఫెయిలైన తలుపుకు ఎర్రది. పచ్చచుట్ట ఫ్యాక్టరీలోనే అయిపోయేది. ఎర్రచుట్టను మాత్రం ఇంటి అవసరాల కోసం పొదుపుగా వాడేవారు.

పెళ్ళయిన కొత్తలో ఇల్లాలు కుట్టుమిషను అడిగింది. కొట్టుకు తీసుకెళ్ళి, సూది ఊగుతోందని తేల్చి, వెనక్కి తీసుకొచ్చారు. తరువాత సైకిలు అడిగింది. వెనక చక్రంలో వంకర ఉందనీ, అది మామూలు కళ్ళకు కనబడదనీ సెలవిచ్చారు. పుస్తకాల బీరువా అడిగితే చెక్క పచ్చిదన్నారు. ఆ విధంగా ఆ ఇంట్లో నాసిరకం వస్తువన్నది ఒక్కటీ లేకుండా పోయింది. ఆ మాటకొస్తే వస్తువన్నదే పెద్దగా లేదు.

పెళ్ళిఫోటోను మినహాయిస్తే ఉన్న ఒకే ఒక్క అలంకారం, ముందుగదిలో సోఫా వెనక గోడకు వేలాడే షీల్డు. "లోపం ఎక్కడున్నా వదలని కన్ను" అని ఇత్తడి రేకు మీద చెక్కించి ఫ్యాక్టరీవారు ఆయనకు బహూకరించారు. దాన్ని రోజూ చూసుకుని మురిసిపోవడం ఆయన పని. రోజూ దుమ్ము తుడవడం ఇల్లాలి పని.

అటువంటి ఇంట్లో ఒక సాయంత్రం సోఫా మీద, సరిగ్గా ఆయన నడుము వాల్చే చోట, ఒక గిటారు పడుకుని ఉంది.

"ఏమిటిది?"

"గిటారండీ."

"కనపడుతూనే ఉంది. ఎవరిది?"

"నాదే. నా జీతంతో కొనుక్కున్నాను. మా క్లినిక్కులో నర్సు భోజనం వేళ నేర్పుతోంది."

ఇల్లాలు పళ్ళ డాక్టరు దగ్గర రోగులను వరసగా లోపలికి పిలిచే ఉద్యోగం చేసేది. పగలంతా ఇతరుల మూలుగులు విన్న మనిషికి సాయంత్రం ఒక గంట తన చప్పుడు తాను వినాలనిపించడంలో అన్యాయమేమీ లేదు. కాని ఆ గంట, కొలబద్దగారు ఇంటికి వచ్చి, సోఫాలో వాలి, టీ కోసం దగ్గే గంట.

"నాకో మాట చెప్తే మంచిది చూసి నేనే కొనేవాణ్ణిగా!"

"అందుకేనండీ చెప్పలేదు."

ఆయన గిటారును అటూ ఇటూ తిప్పారు. "ఇది చవకది."

"చవకదే. నేర్చుకునేవారికి సరిపోతుందంది నర్సు."

"సరిపోవడం వేరు, సరైనది కావడం వేరు. ఇలాంటి దానిమీద నేర్చుకుంటే చెవి పాడైపోతుంది. కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడా?"

"వారంలోపు తీసుకుంటాడు. లోపముంటేనే."

"లోపం సంగతి నాకు వదిలెయ్యి!" అన్నారు కొలబద్దగారు, విందుకు పిలుపు అందిన మనిషిలా.

లోపలి గదిలోంచి ఆయన తల్లి వచ్చింది. ఆవిడకు ఒక చెవి వినపడదు. అది ఏ చెవి అన్నది అవసరాన్నిబట్టి మారుతూ ఉంటుంది.

"పరీక్ష చెయ్యి నాయనా, కాదనను. అయితే రూలేమిటో ముందే చెప్పు. సగంలో మార్చావంటే ఊరుకోను. చిన్నప్పుడు ఏ ఆటాడినా నీది అదే వరస."

కొలబద్దగారు గొంతు సవరించుకున్నారు. "రూలు ఒక్కటేనమ్మా. మోగకూడని మోత మోగే నాసిరకం సరుకు, అది ఎవరిదైనా సరే, ఎంత ముచ్చటపడి తెచ్చుకున్నదైనా సరే, ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఎర్రస్టిక్కరు పడాల్సిందే!"

"ఎవరిదైనా సరేనాండీ?" అంది ఇల్లాలు.

"ఎవరిదైనా!"

"సరే. ఫెయిలైతే నేనే తీసుకెళ్ళి ఇచ్చేస్తాను. ఇక జన్మలో ఏదీ అడగను. మరి పాసైతే?"

పాసైతే అన్న ప్రశ్న ఆయన సంసార జీవితంలో అంతవరకు తలెత్తలేదు.

"పాసైతే సాయంత్రం ఈ గంట నాది. సోఫా కూడా నాదే. టీ మీరు పెడతారు. అత్తయ్యగారికీ నాకూ కలిపి" అంది ఇల్లాలే.

"అలాగే, అలాగే" అన్నారాయన, ఎన్నడూ రాని వరదకు ఆనకట్ట కడతానని మాటిచ్చే నాయకుడిలా.

మర్నాడు పరీక్ష మొదలైంది. గిటారును కిటికీ వైపు ఎత్తి, తుపాకి గురిపెట్టినట్టు ఒక కన్ను మూసి, మెడ వెంట చూశారు. దానిమీద ఉక్కు కొలబద్ద ఆనించారు.

"ఇదిగో! మధ్యలో వెంట్రుకవాసి సందు! మెడ వంగిపోయింది!"

"ఆ మాత్రం వంపు ఉండాలటండీ. లేకపోతే తీగ ఊగినప్పుడు మెడమీది లోహపు మెట్లకు కొట్టుకుంటుందట. మరీ వంగితేనే లోపమంది నర్సు."

"పళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళకి మెడ సంగతేం తెలుసు?"

తరువాత గిటారు పొట్టమీద వేలితో తట్టారు. ఆయన కళ్ళు మెరిశాయి. "ప్లైవుడ్! పైకి అందంగా పొర అతికించి లోపల ప్లైవుడ్ పెట్టాడు! ఇది పచ్చి మోసం!"

"మీ ఫ్యాక్టరీ తలుపులు దేంతో చేస్తారండీ?"

కొలబద్దగారు ఆ పరీక్షను అంతటితో ముగించారు.

మెడ అంచు వెంట బొటనవేలు పోనిచ్చారు. ఒక మెట్టు కొస గరుకుగా ఉండి వేలు గీరుకుంది. "రక్తం!" అని కేక పెట్టారు. రక్తం కోసం ముగ్గురూ వెతికారు గాని దొరకలేదు. ఇల్లాలు గోళ్ళ ఆకురాయి తెచ్చి ఆ కొసను నున్నగా రుద్దేసింది. ముద్దాయికి విచారణ మధ్యలో వైద్యం చేయడం చెల్లదని ఆయన వాదించారు. తల్లికి ఆ క్షణాన రెండు చెవులూ వినపడలేదు.

చివరికి ఫోనులో శ్రుతి చూపించే ముల్లును తెరిచారు. తీగను ఊరికే మీటినా, సరిగ్గా సగంలో నొక్కి మీటినా ఒకే స్వరం, ఒకసారి కింది స్థాయిలో, ఒకసారి పై స్థాయిలో, పలకాలి. చవక గిటార్లు దొరికిపోయేది ఇక్కడేనని ఎక్కడో చదివి వచ్చారు. ఒక్కొక్క తీగే మీటించారు. ప్రతిసారీ ముల్లు పచ్చగీత మీదికి వచ్చి బుద్ధిగా నిలబడింది. మర్నాడు చూసినా శ్రుతి జారలేదు. పచ్చరంగును ఆయన అంతగా ద్వేషించిన రోజు మరొకటి లేదు.

వారం గడువు ముగియవస్తుండగా అదృష్టం కలిసివచ్చింది. ఇల్లాలు సోఫాలో కూర్చుని లావు తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి మీటింది. గిటారు "ధుం" అంది. ఆ వెంటనే "గుర్ర్ర్" అని ఇంకో మోత వినిపించింది.

"ఆగు! మళ్ళీ మీటు!"

ధుం. గుర్ర్ర్.

"మళ్ళీ!"

ధుం. గుర్ర్ర్.

కొలబద్దగారు కళ్ళు మూసుకుని తల ఊపారు. అంతటి కమ్మని సంగీతం ఆయన అంతవరకు విని ఎరుగరు. "దొరికింది! రేపు ఆదివారం. సాక్షుల ముందు విచారణ, సాయంత్రంలోగా శిక్ష!"

ఇల్లాలు తల దించుకుంది. ఆయన దాన్ని ఓటమి అనుకున్నారు. నవ్వు ఆపుకోవడానికి కూడా మనుషులు తల దించుకుంటారు.

ఆదివారం సాక్షిగా వచ్చినవారు పక్కింటి హారన్ బాబాయి. బస్సు నడిపి రిటైరయ్యారు. ఇంజను మోత మీదుగా మాట్లాడి అలవాటైన గొంతు కావడంతో, ఆయన గుసగుస వీధి మలుపు దాకా వినిపించేది.

"మీటమ్మాయ్!"

ధుం. గుర్ర్ర్.

"బేరింగు పోయింది!" అని తేల్చేశారు హారన్ బాబాయి.

"గిటారుకి బేరింగులుండవు బాబాయిగారూ" అంది ఇల్లాలు.

"అదే నేననేది! ఉంటే ఇలా అయ్యేది కాదు!"

"అమ్మా, నీకు వినపడిందా?"

"గుర్రు వినపడిందిరా. నువ్వు కునుకు తీస్తున్నావనుకున్నాను."

కొలబద్దగారు ఎర్రస్టిక్కరును చుట్టనుంచి మెల్లగా, ఆస్వాదిస్తూ ఊడదీశారు. సరిగ్గా అప్పుడు ఇల్లాలు లేచి నిలబడింది.

"ఒక్క మనవండీ. ఉరితీసేముందు కూడా ఆఖరి కోరిక అడుగుతారు. వంటింట్లో ఒకసారి మీటి చూపిస్తాను."

నలుగురూ గిటారుతో సహా వంటింట్లో ఇరుక్కున్నారు. ధుం. అంతే. గుర్రు లేదు.

"ఇరుకు గది! లెక్కలోకి రాదు!"

పడకగదిలో ధుం. గుర్రు లేదు. స్నానాలగదిలో అయితే గిటారు ఎంత గంభీరంగా పలికిందంటే, హారన్ బాబాయి పాట ఎత్తుకోబోయారు. అందరూ కలిసి ఆయనను బయటికి లాక్కొచ్చారు. ముందుగదిలోకి రాగానే మళ్ళీ ధుం, గుర్ర్ర్!

"అబ్బాయ్, గుర్రుమనేది గిటారు కాదోయ్! గదిలో ఏదో వదులైంది!" అని అరిచారు హారన్ బాబాయి.

ఇక్కడే కొలబద్దగారు నోరు మూసుకుని ఆ రోజుకు విచారణ వాయిదా వేసి ఉంటే పోయేది. కాని పుట్టుకతో వచ్చిన బుద్ధి ఊరుకోనిస్తుందా? తన గదిలో, తన కళ్ళెదుట, ఒక లోపం దాక్కుని గుర్రుమంటుంటే ఆయన నెత్తురు సలసలా మరిగింది.

"మీటుతూ ఉండు! ఇవాళ దాని అంతు చూస్తాను!"

ఇల్లాలు గోడవారగా స్టూలు మీద కూర్చుని ఓపికగా అదే తీగ మీటసాగింది. ఆయన కిటికీ అద్దాలకు కాగితాలు కుక్కారు. గుర్ర్ర్. కర్టెను కడ్డీ పీకారు. దానితోపాటు గోడ పెచ్చు కూడా వచ్చింది. గుర్ర్ర్. బల్లను హారన్ బాబాయి ఒక కొస, ఆయన ఒక కొస పట్టి బాల్కనీలోకి మోశారు. "రైట్, రైట్, హోల్డాన్!" అన్న కేకలకు కింద ఎవరో నిజంగానే స్కూటరు ఆపుకున్నారు. సోఫా గుమ్మంలో అడ్డం పడింది. ఆ గుమ్మానికి తలుపు పాస్ చేసింది తానేనన్న గర్వంతో తలుపును గొళ్ళెం పట్టి లాగి, అది చేతిలోకి ఊడిరావడంతో, గొళ్ళెంతో సహా వెళ్ళి సోఫాలో పడ్డారు. ఫ్యాను రెక్కలు విప్పారు. టీవీని మంచానికి మార్చారు. పెళ్ళిఫోటో దించారు.

"అది నిశ్శబ్దంగానే ఉందండీ. గుర్రుమనేది నేను కాదు" అంది ఫోటోలోని పెళ్ళికూతురు, గిటారు వెనకనుంచి.

గది ఇంచుమించు బోడిగోడలతో మిగిలింది. చెమటతో తడిసిన కొలబద్దగారు నడిమధ్యన నిలబడ్డారు. ధుం. గుర్ర్ర్.

తల్లి గోడకేసి చూసింది. "ఇంకా ఒకటుంది కదరా."

"ఎక్కడమ్మా? అదా! అది నా షీల్డమ్మా!"

"నీ షీల్డయితే? ఎవరిదైనా సరే అన్నావు."

ఆయన నెమ్మదిగా వెళ్ళి షీల్డు మీద అరచెయ్యి ఆనించారు. ధుం. చక్కని, శుభ్రమైన ధుం. చెయ్యి తీశారు. ధుం. గుర్ర్ర్. "లోపం ఎక్కడున్నా వదలని కన్ను" అన్న ఇత్తడి రేకు ఒక మూల ఊడి, ఈగ రెక్కలా కొట్టుకుంటోంది.

హారన్ బాబాయి షీల్డు దించి వెనక్కి తిప్పారు. "ప్లైవుడ్డే! తలుపుల్లో మిగిలిన ముక్క! పైన పొర అతికించాడు! ఇదేమిటోయ్, పచ్చస్టిక్కరు? సంతకం కూడా ఉంది. ఈ సంతకం ఎక్కడో చూశానే!"

సంతకం కొలబద్దగారిదే. ఫ్యాక్టరీలో చేసిన షీల్డులన్నిటినీ ఒక మధ్యాహ్నం చూడకుండానే పాస్ చేసిన సంగతి ఆయనకు అప్పుడు గుర్తుకొచ్చింది. అందులో ఒకటి తనకే వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

"నీకు ముందే తెలుసా?" అన్నారు ఇల్లాలితో, గొంతు తగ్గించి.

"రోజూ దుమ్ము తుడిచేది ఎవరండీ? లారీ పోయినప్పుడల్లా అది గుర్రుమంటూనే ఉంటుంది."

"మరి మొదటే చెప్పొచ్చుగా! గది పీకి పందిరేశాను!"

"నేను చెప్తే నమ్మేవారా? మీరు స్వయంగా తనిఖీ చేస్తేగాని దేన్నీ నమ్మరాయె."

తల్లి చెయ్యి చాపింది. ఊడదీసిన ఎర్రస్టిక్కరు ఇంకా ఆయన వేలికే అంటుకుని ఉంది. ఆవిడ దాన్ని తీసుకుని, పక్షపాతం లేకుండా, షీల్డు నడిబొడ్డున అతికించింది. పచ్చచుట్ట అడిగి తీసుకుని, చివర మిగిలిన ఒక్కదాన్ని గిటారుకు వేసింది.

ఆయన ముఖం చూసి ఇల్లాలికే జాలి కలిగింది. దగ్గరికి వచ్చి మెత్తగా అంది. "పోనీలెండి, బాధపడకండి. ఇంకో షీల్డు తీసుకుందురుగాని. కాకపోతే ఈసారి మంచిది చూసి తీసుకుందాం."

ఆ మాట ఎంత నాగరికంగా ఉంటుందో, వినేవారికి ఎంత లోతుగా దిగుతుందో, కొలబద్దగారికి ఆ సాయంత్రమే తెలిసింది. నేరుగా వంటింట్లోకి నడిచారు.

సామానంతా తిరిగి సర్దేసరికి మరో ఆదివారం వచ్చింది. షీల్డుకు వంటింట్లో ఉద్యోగం దొరికింది. వేడి టీగిన్నె దించుకోవడానికి అది చాలా అనువు. బరువు మీద పడితే రేకు కిక్కురుమనదు. ముందుగదిలో సాయంత్రపు గంట మొదలయ్యేసరికి ఆయన టీ మోసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడేవారు. ఇల్లాలు అదే పాటను అదే చోట తప్పేది. ఆయన నోరు తెరవబోయేవారు. తల్లి కనుబొమ్మ లేచేది. నోరు మూతపడేది.

మొదటి రోజున ఇల్లాలు గిటారు పక్కన పెట్టి, కప్పు అందుకుని, ఒక గుక్క తాగి, కాస్సేపు ఆలోచించింది.

"ఎలా ఉంది?" అన్నారాయన, ఫలితం కోసం నిలబడ్డ తలుపులా.

"ఫరవాలేదండీ. నేర్చుకునేవారికి సరిపోతుంది."