ఓడకీ గోడకీ మధ్య

ఆదివారం పొద్దున కెప్టెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది: కాఫీ తాగడం, స్కీ పడవకి షాఫ్టు బిగించడం, మధ్యాహ్నం వచ్చే బావమరిదిని సరస్సులో స్కీ పలకల మీద నిలబెట్టి పడవతో లాగడం. కెప్టెన్ అన్నది ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు. ఆయన ఇంతవరకు నడిపింది నోరొక్కటే. "మెకానిక్కెందుకురా, అంతా నా చేత్తోనే బిగిస్తా" అని వాడికి ఫోన్లో కోతలు కోశాడు కూడా. పడవ కదలకపోతే బావమరిది వేళాకోళం జీవితాంతం వదలదు.

ఇంజను అప్పటికే పడవ కడుపులో కూర్చుంది. అద్దె కప్పీతో నలుగురు కలిసి దింపారు. కప్పీ, నలుగురూ వెళ్లిపోయారు. కింద కూర్చుని పనిచెయ్యడానికి వీలుగా పడవని మోసే ట్రైలర్ బండి చక్రాలు ఊడదీసి, మొత్తాన్ని జాకీతో లేపి ఎత్తైన సిమెంటు దిమ్మెల మీదికి ఎక్కించాడు. ఓడలు బళ్లవుతాయంటారు, ఇది ఓడా కాలేదు, బండిగానూ మిగల్లేదు. ఇక ప్రొపెల్లరుని తిప్పే షాఫ్టు, మనిషంత పొడుగు ఉక్కు కడ్డీ, వెనకనుంచి పడవ అడుగు కన్నంలోకి దూరాలి. వెనక జానెడు దూరంలో వంటింటి గోడ ఉంది.

"పందిట్లో ఇలా వెనక్కి తిప్పి పెట్టమన్నది నువ్వే" అన్నాడు భార్యతో.

"ఎండ పడదని అన్నాను. షాఫ్టు సంగతి మీకు తెలుసనుకున్నా. ముందుకి జరపండి."

"ఇంజనుతోనా? మీ తమ్ముడొచ్చి జరుపుతాడు."

"పోనీ ఇంజను తియ్యండి."

తీస్తే మళ్లీ కప్పీ, మళ్లీ నలుగురు, నలుగురిలో నగుబాటు. కెప్టెన్ సుత్తీ ఉలీ అందుకున్నాడు. ఆ గోడకి కిటికీ పెట్టించమని ఆవిడ కాపురానికొచ్చినప్పటినుంచి పోరుతోంది. గోడ ముట్టుకుంటే ఇల్లు కూలుతుందని ఈయన అప్పటినుంచీ బెదిరిస్తున్నాడు.

"చిన్న కన్నమే, ఇల్లేం కూలదు" అన్నాడిప్పుడు.

గుప్పెడు కన్నం చాలలేదు. షాఫ్టు వాలుగా వెళ్లాలి గనక కన్నం కిందికి పెరిగింది. చుక్కాని అడ్డొచ్చింది గనక పక్కకీ పెరిగింది. వంటింట్లోంచి ఆవిడ తోస్తోంది, పందిట్లోంచి ఈయన పడుతున్నాడు.

"ఎడమకి తొయ్యి."

"మీ ఎడమా, నా ఎడమా?"

"పడవ ఎడమ."

"దానికి పెళ్లికాలేదు, సొంత ఎడమ ఉంటుంది. నేనెటు తొయ్యాలో చెప్పండి."

గోడలకి చెవులుంటాయంటారు, ఈ గోడకి నోరు కూడా వచ్చింది. ఆ నోట్లోంచి కెప్టెన్ తలా భుజాలూ వంటింట్లోకి వచ్చిన సమయానికి, స్కీలు భుజాన వేసుకుని బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు. పొయ్యి మీద బావ తల, పాలల్లో ఇటుక పొడి, చేతిలో షాఫ్టుతో అక్క.

"ఏంటి బావా ఇది? పడవ సిద్ధమేనా?"

పడవ ఇంకా నీళ్లు చూడలేదుగానీ కెప్టెన్ మాత్రం నమలడం మొదలెట్టాడు. షాఫ్టు కోసం గోడ పగలగొట్టానంటే ఆ కథ మనవల దాకా పోతుంది.

"పడవదేముందిరా, ఎప్పుడైనా తిరుగుతుంది" అన్నాడు గొంతు సవరించుకుని. "ఇవాళ మీ అక్కకి కిటికీ పెడుతున్నా."

"నువ్వేనా? నీ చేత్తోనేనా? మా బావ బంగారం" అంటూ వాడు స్కీలు గోడకి ఆనించి కుర్చీ లాక్కున్నాడు, పని పూర్తయ్యేదాకా చూసిపోదామని.

ఆవిడ షాఫ్టు పక్కన పెట్టి, ఎప్పుడో కొని దాచిన దుమ్ముపట్టిన కిటికీ చట్రం మంచం కిందనుంచి లాక్కొచ్చి కన్నానికి ఆనించి చూసింది. ఒక పక్క ఇంకొక్క ఇటుక పోవాలి.

"కాస్త ఎడమకి కొట్టండి" అంది. "నా ఎడమ."

షాఫ్టు ఇప్పుడు ఆ కిటికీకి పరదా కడ్డీ. ఎన్నేళ్లు నీళ్లలో నానినా తుప్పు పట్టదట.