నూట పన్నెండో పేజీ ఊట

కనకవల్లి రాసిన నవలలోని నూట పన్నెండో పేజీ నుంచి నగర శివారులోని వినోదాల పార్కుకు పైపు వేయడానికి సోమవారం అనుమతి వచ్చింది. దరఖాస్తుకు పేజీ జిరాక్సు, పైపు కొలతలు, రచయిత్రి సంతకం జతచేశారు. అభ్యంతరాలకు వారం గడువిచ్చారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కనకవల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఒక్క నవలే రాసింది. అందులో సోనగుట్ట అనే ఊరుంది. గుట్ట కింది ఊటనీళ్ళతో ఎల్లవ్వ చుక్కల పానకం చేసి, దారిన పోయేవాళ్ళకు "తాగు బిడ్డా" అని చెంబు అందిస్తుంది. తాగినవాళ్ళ మూతి చుట్టూ పావుగంటసేపు చుక్కలు మెరుస్తాయి.

పార్కులో చుక్కల పానకం కోసం మొదటిరోజే వరుస పార్కింగ్ దాకా సాగింది. పిల్లలు మూతులు మెరిపిస్తూ ఫోటోలు దిగారు. పావుగంటలోపే మెరుపు తగ్గితే మగ్గు మార్చి ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. మూడో వారానికి కౌంటర్లు ఐదయ్యాయి. కనకవల్లి చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పుకుంది.

నాలుగో వారంలో జగిత్యాల నుంచి ఒక టీచరమ్మ ఉత్తరం రాసింది. తన పుస్తకంలో ఎల్లవ్వ ఖాళీ చెంబు పట్టుకుని నిలబడి ఉందనీ, బాటసారి దాహంతోనే వెళ్ళిపోయాడనీ, అచ్చుతప్పేమో చూడమనీ అడిగింది. కనకవల్లి తన ప్రతి తెరిచింది. ఊట దగ్గర బురద మాత్రమే ఉంది. నూట ముప్పయ్యో పేజీలో ఎడ్లను సంతకు తోలుకుపోతున్నారు. నూట యాభై వచ్చేసరికి ఇళ్ళకు తాళాలు. ఆ తాళాలు ఆమె రాసినవి కావు.

మర్నాడు ఆమె పార్కు మేనేజర్ ఫణిధర్‌ని కలిసింది. అతను లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"ఊట ఎండిపోయింది బాబూ. మా ఊరివాళ్ళు వలసపోతున్నారు."

"మా తప్పేం లేదు మేడమ్. మీరు ఊట ఉందని రాశారు, ఎంత లోతో రాయలేదు. ఉన్నంతా తోడుకోవచ్చని పర్మిషన్‌లో ఉంది." కాసేపు ఆలోచించి, "ఒక మంచి వాన రాయకూడదా?" అన్నాడు సానుభూతిగా.

కనకవల్లి ఇంటికెళ్ళి నూట పద్దెనిమిదో పేజీలో వాన రాసింది. రెండు పేరాలు, గుట్ట మీంచి వాగులు దూకేంత వాన. గురువారం ఆ పేజీకి కూడా పైపు వేశారు. నవల ఒకటే కాబట్టి కొత్త అనుమతి అక్కర్లేకపోయింది.

ఆదివారం ఉదయం ఎల్లవ్వ బిందె చంకన పెట్టుకుని పార్కు గేటు దగ్గరికి వచ్చింది. వెనక పాతిక కుటుంబాలు.

"టికెట్ ఏదవ్వా?" అన్నాడు గార్డు.

"గివి మా ఊరి నీళ్ళే గద కొడుకా!"

"ఏ ఊరోళ్ళయినా టికెట్ తియ్యాలె అవ్వా. రూలు."

ఫణిధర్ స్వయంగా వచ్చి సమస్య పరిష్కరించాడు. మగవాళ్ళను పార్కు ఊడ్చే పనిలోకి, ఆడవాళ్ళను మగ్గులు కడగడానికి తీసుకున్నాడు. ఎల్లవ్వను ఒకటో కౌంటర్లో నిలబెట్టాడు. ఆమె ఎనిమిది గంటలు "తాగు బిడ్డా" అంటూ మగ్గులు అందించాలి. సిబ్బంది పానకం తాగకూడదు. వాళ్ళకు వెనకవైపు ట్యాంకరు వస్తుంది, రోజు విడిచి రోజు. ఎల్లవ్వ వచ్చాక వరుస రెట్టింపైంది. అసలు మనిషి చేత్తో ఇస్తుంటే రుచే వేరని జనం అన్నారు.

పదిరోజులు ఇంట్లో కూర్చోలేక కూర్చుని, చివరికి కనకవల్లి వెళ్ళి ఆ వరుసలో నిలబడింది. రెండు గంటలకు ఆమె వంతు వచ్చింది. ఎల్లవ్వ ఆమెను పోల్చుకుంది. మగ్గు నింపి రెండు చేతులతో ఇచ్చింది.

"నన్ను తిట్టు ఎల్లవ్వా," అంది కనకవల్లి.

"నిన్నెందుకు తిడ్త తల్లీ. నన్ను పుట్టిచ్చినవు." ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. "ఇంకో కత రాస్తున్నవంట గద?"

"రాస్తున్నా."

"అండ్ల ఊట పెట్టకు."

కనకవల్లి తలూపింది. వెనకున్నవాళ్ళు తొందరపెడుతున్నారు. ఎండ కూడా ఎక్కువగా ఉంది. ఆమె పక్కకు జరిగి మగ్గెత్తి తాగింది. పానకం తను రాసినదానికంటే బాగుంది. అడుగున మిగిలిన చుక్కను కూడా వంచుకుని తాగి, మళ్ళీ వరుస చివరికి వెళ్ళి నిలబడింది.