కుడితి గోలెంలో కలిసిన రంగు

ఆ ఆదివారం పొద్దున్న ఝాన్సీ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ముగ్గురు మనుషులు, రెండు బకెట్ల లేత గోధుమరంగు, ఒక నిచ్చెన. సాయంత్రానికి పెంకుటింటి ముందుగోడ పూర్తయిపోవాలి. బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేసే అమ్మాయి కాబట్టి గోడకి ముందే ల్యాప్‌టాప్‌లో రంగు వేసి చూసుకుంది. తెర మీద బ్రహ్మాండంగా ఉంది. తెర మీద ఏదైనా అలాగే ఉంటుంది.

సాయంత్రానికే ఎందుకంటే, అప్పటికి తండ్రి తిరుమలరావు కాంట్రాక్టరు దేవేంద్రని వెంటబెట్టుకుని వస్తున్నాడు. గరివిడి దగ్గర ఆ పల్లెలో స్లాబు లేని ఇల్లు వీళ్ళదొక్కటే మిగిలిందని ఆయనకి నామోషీ. నడి వేసవిలో ఫ్యాను లేకుండా నిద్రపట్టే ఆ మట్టిగోడల ఇల్లంటే ఝాన్సీకి ప్రాణం. ముందురోజు ఇద్దరికీ ఒప్పందం కుదిరింది.

"మేవే రంగులేసుకుంటాం నాన్నా. అప్పుడు కూడా పాత కొంపలాగే ఉంటే పడగొట్టీ."

"సరే. నాను సూసి బాగున్నాదనాల. అననేదంటే సోమవారం గునపాలు దిగిపోతాయి. మళ్ళీ ఏడవకు."

సాయానికి ఇద్దరిని పిలిచింది. ఒకడు మేనత్త కొడుకు నవీన్. సాలూరులో లారీ బాడీలకు రంగులేస్తాడు. రెండోది ఇంజనీరింగులో తనతో చదివిన రేఖ. వాళ్ళది సముద్రం ఒడ్డున చేపలవేట చేసే కుటుంబం, సొంత పడవ ఉంది. ఇక నాన్నమ్మ అసిరమ్మని ఎవరూ పిలవలేదు. ఆవిడని పిలవక్కర్లేదు, ఉంటుంది.

నవీన్ నిచ్చెనెక్కి పాత సున్నం గీకడం మొదలుపెట్టగానే పక్కింటి లక్ష్మణమ్మ పిట్టగోడ మీంచి తొంగిచూసింది. పెళ్ళి లేకుండా ఇంటికి రంగులేయడం ఆ ఊరు ఎరగదు. పైగా నిచ్చెన మీద బావ, నిచ్చెన పట్టుకుని మరదలు. లక్ష్మణమ్మకి ఇంకేం కావాలి?

"ఓలమ్మో! ముహూర్తం ఎప్పుడే అసిరమ్మత్తా? మాట మాత్రం సెప్పనేదు!"

"పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు పిన్నీ. ఉత్త రంగులే," అంది ఝాన్సీ.

"సిగ్గుపడతంది పిల్ల," అంటూ లక్ష్మణమ్మ వీధిలోకి పరుగెత్తింది.

"నాకైనా ముందు సెప్పాల్సిందే ఝాన్సీ," అన్నాడు నవీన్ పైనుంచి. "గెడ్డం గీసుకుని వద్దును."

"నువ్వు గోడ గీకు బావా."

తాగిన టీ గ్లాసులు కడిగేలోపు వాకిలి నిండిపోయింది. పెళ్ళింటి పనికి ఆ ఊళ్ళో ఎవరూ ఉత్తచేతులతో రారు. వంటలైతే కూరగాయలు తెస్తారు, పందిరైతే వెదుళ్ళు తెస్తారు. ఇక్కడ రంగులు కాబట్టి రంగులు తెచ్చారు. కిటికీలకి వేయగా మిగిలిన ఆకుపచ్చ, అమ్మోరి గుడికి కొట్టిన పసుపు, ట్రాక్టరు ఎరుపు, ఎవరి అటక మీద ఏ డబ్బా ఉంటే అది. వాటి పక్కనే రేఖ వాళ్ళ నాన్న పంపిన పడవ నీలం, నవీన్ సాలూరు నుంచి మోసుకొచ్చిన లారీ నారింజ. అరుగు మీద డబ్బాలు బారులు తీరాయి.

"మా దగ్గర రంగుంది పిన్నీ, ఇవేవీ అక్కర్లేదు," అని ఝాన్సీ అనగానే వాకిట్లో మొహాలన్నీ మాడిపోయాయి. అసిరమ్మ మనవరాలి రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

"నోర్ముయ్యే గుంటా! సాయానికొచ్చినోల సేతిలోది ఒద్దంటామేటి? రేపు మన ఊడుపులకి ఒక్కలొస్తారేటి?"

"ఇన్ని రంగులేస్తే ఇల్లు సంతలాగుంటాది నాన్నమ్మా!"

"అదంతా నాకు తెల్దు. ఒకలిది ఏసి ఒకలిది మానీకూడదు. అంతే."

ఈలోగా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అక్కడేదో ఆగిపోయిందట. ఝాన్సీ గదిలోకెళ్ళి దాన్ని నడిపించి వచ్చేసరికి, ఇక్కడి సమస్యని అసిరమ్మ పరిష్కరించేసింది. పశువులకి కుడితి పోసే పెద్ద గోలెంలో డబ్బాలన్నీ ఒంపేసి రోకలితో కలుపుతోంది. ఝాన్సీ కొన్న రెండు బకెట్లూ అందులోనే ఉన్నాయి.

"అందర్దీ కలిపీసినాను. ఇంకెవులికీ బాధ నేదు," అంది.

న్యాయంగా చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ నూనె రంగులూ నీళ్ళ రంగులూ ఆ న్యాయానికి ఒప్పుకోలేదు. నిమ్మకాయ పిండిన పాలలా విరిగిపోయి, ఒక్కో రంగూ తన దారిన తాను తేలుతోంది.

రేఖ వంగి చూసింది. "రంగు కాదే ఇది. పులిసిపోయిన పులుసు."

"ఇలాటిది లారీకేస్తే ఓనరు నన్ను టైరు కిందెడతాడు," అన్నాడు నవీన్.

"ఆపండి! ఎవరూ ముట్టుకోకండి!" అని ఝాన్సీ అరిచింది కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆడవాళ్ళు సున్నం వేసే ఈత కుంచెలు గోలెంలో ముంచి, ఊడుపుల్లో నిలబడినట్టే గోడ పొడుగునా వరసకట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో మునుము, గోడలో తన వంతు. ఒకరు ఆగితే పక్కవాళ్ళు ఊరుకోరు.

"నవీనూ, పెళ్ళికొడుకు కుంచె పట్టకూడదు, దిగు నాయినా!"

"దిగితే పెళ్ళి సేసీసేలాగున్నారు. నానిక్కడే ఉంటాను."

"ఎసట్లో ఇంకెన్ని పొయ్యాలే ఝాన్సీ?" అని వంటింట్లోంచి తల్లి ధనలక్ష్మి కేక. గోడకి అన్‌డూ ఉండదు. ఝాన్సీ అరుగు మీద కూలబడి కళ్ళు మూసుకుంది. చెవుల్లో అప్పుడే గునపాల చప్పుడు.

కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. మాటలూ ఆగిపోయాయి. ఆ ఊరి ఆడవాళ్ళు పదిమంది ఒకచోట మౌనంగా ఉండటం ఝాన్సీ ఎప్పుడూ వినలేదు. భయపడుతూ కళ్ళు తెరిచింది.

పాత సున్నపు గోడ నీళ్ళన్నీ తాగేసి రంగుల్ని మాత్రం పైన వదిలేసింది. నాగావళికి కొత్తనీరు వచ్చినప్పుడు ఎర్రనీరూ తేటనీరూ కలవకుండా పక్కపక్కనే పారినట్టు, పడవ నీలం పక్కన గుడి పసుపు, దాన్ని ఒరుసుకుంటూ నారింజ, మధ్యమధ్య వరిమడి ఆకుపచ్చ, అలలు అలలుగా గోడ ఈ చివర నుంచి ఆ చివరకి పారుతున్నాయి. ఎక్కడా కుంచె ఆగిన గుర్తు లేదు. మబ్బు పక్కకి తప్పుకుని ఎండ పడేసరికి గోడ మొత్తం కదిలినట్టయింది. ఒకావిడ చంకలోని పిల్లాడు చెయ్యి చాపి పట్టుకోబోయాడు. నవీన్ నిచ్చెన దిగి, వెనక్కి వెనక్కి నడిచి, వీధి అవతల నిలబడిపోయాడు.

"ఓలమ్మా," అంది లక్ష్మణమ్మ గుసగుసగా. "ఇది మనవేనేటి ఏసినాం?"

సరిగ్గా అప్పుడే మోటారు సైకిల్ ఆగింది. తిరుమలరావు అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. వెనక దేవేంద్ర, అతని చేతిలో కొలతల టేపు.

"ఏటీ జనం? ఎవులికేటైనాది?" అంటూ దిగిన తిరుమలరావు గోడ చూసి స్టాండు వేయడం మర్చిపోయాడు. బండి పక్కకి ఒరిగి పడింది. ఎవరూ అటు చూడలేదు.

దేవేంద్ర చెప్పులు విప్పి అరుగెక్కాడు. తడి గోడని చూపుడువేలితో తాకి, ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాడు.

"బాబాయ్, దీని మీద గునపం నాను ఏయనేను. ఇంకెవుడైనా ఏస్తానన్నా ఊరుకోను."

"నాన్నా, మరి నువ్వేటంటావు?" అంది ఝాన్సీ.

తిరుమలరావు గోడ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"బాగున్నాది," అన్నాడు. "పక్కగోడలు ఏయకుండా ఒగ్గీసినారేటి?"

"నా కొత్త స్లాబింటికీ ఇలాగే కావాల," అని దేవేంద్ర అసిరమ్మ చుట్టూ తిరిగాడు. "ఏ రంగు ఎంత కలిపినావు మామ్మా?"

"నాకేటి ఎరిక? ఊరంతటిదీ కలిపినాను. నీకు కావాలంటే నువ్వూ ఊరిని పిలుసుకో."

"అది సరే గానీ అత్తా, ఇంతకీ ముహూర్తం ఎప్పుడు?" అంది లక్ష్మణమ్మ.

"ఇంటికి సేసినాం కదే పెళ్ళి! భోజనాలకి లెగండి."

ఆ రోజు నుంచి తిరుమలరావు వీధిలో ఎవరు కనిపించినా ఆపి, పాత ఇళ్ళు పడగొట్టుకునేవాళ్ళకి బొత్తిగా బుర్ర లేదని చెబుతున్నాడు.