అచ్యుతరామయ్య శీతకాల చక్రధారణము

స్వస్తిశ్రీ రుధిరోద్గారి నామ సంవత్సరమున, హేమంత ఋతువున, మార్గశిర మాసమున, తూర్పున ఘోషించు సముద్రము, పడమట సింహగిరి, దక్షిణమున డాల్ఫిన్ కొండ కాపలా కాయుచుండగా, ఒక చేత ఓడలను పిలుచుచు రెండవ చేత ఉక్కు కర్మాగారమునకు పునాదులు త్రవ్వుకొనుచున్న విశాఖపట్టణమున, ఉష్ణోగ్రత ఇరువది రెండు డిగ్రీలకు దిగజారగానే ప్రళయము ముంచుకొచ్చినట్లు పౌరులెల్లరు మంకీ టోపీలు, మఫ్లర్లు ధరించి పాల బూతు ముందు గజగజ వణకుచున్న ఒకానొక ప్రభాతమున, గోదావరీతీర సంభూతుడును, సీతమ్మధార నివాసియు, పోర్టు ట్రాఫిక్ సెక్షన్ గుమాస్తాయు, ద్వికవాట రక్తవర్ణ క్రీడాశకట స్వామియు అగు అచ్యుతరామయ్య తన కారు టైర్లను తడిమి చూచి, దీర్ఘముగా నిట్టూర్చెను. టైర్లు అరచేతికంటె నున్నగా ఉండెను.

ఓ గాలిపంపు అధిదేవతా, నా ఊపిరితిత్తులలో నలువది పౌనుల గాలి నింపుము. ఈ కథలో సమాసములు పొడవు, విషయము పొట్టి. నడుమ గాలి పోయినచో నేను పూర్తి చేయలేను.

ఆ కారును ఒక విదేశీ ఓడ కెప్టెను స్వదేశమునకు పోవుచు అమ్మిపోయెను. రెండే తలుపులు, మడుచుకొను పైకప్పు, సగము ఊరికి వినబడు ఇంజను. పగలంతయు ఏ ఓడ ఏ బెర్తు వద్ద ఎన్నాళ్లుగా కదలక నిలిచినదో వ్రాయుటయే అచ్యుతరామయ్య ఉద్యోగము. ఆయన జీవితమున తొందరగా పోవునది ఆ కారొక్కటే. అందుచేత దానిని ప్రాణముగా ప్రేమించెను. ఇందులో వెక్కిరింత లేదు, నిజముగానే ప్రేమించెను.

అట్టి కారు మొన్న కార్తిక సోమవారము సన్నని తుంపరలో సింహాచలము ఘాట్ రోడ్డు నాలుగవ మలుపున ముందునకు పోనని మొండికేసి వెనుకకు జారెను. ఆయన ధర్మపత్ని భ్రమరాంబ కంచిపట్టు చీరతో దిగి, రెండు బస్సుల జనము కిటికీలలోనుండి వీక్షించుచుండగా, ఆ క్రీడాశకటమును భుజముతో తోసెను. ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొని, స్వరము పెంచకయే ఇట్లనెను:

"ఏవండీ, నేనింక ఆ కారెక్కను. టైర్లు మార్చి నన్ను మళ్లీ కూర్చోబెట్టుకోగలిగితే ఉంచుకోండి. మార్గశిరం దాటితే మాత్రం అమ్మేసి స్కూటరు కొనండి."

ఆనాటినుండి ఆమె కూరల బజారుకు బస్సులో పోవుచుండెను. ఆయన మాత్రము ఒంటరిగా కారులో ఆఫీసునకు పోయి వచ్చుచు, ప్రతి మలుపున అలవాటుకొద్దీ "గట్టిగా పట్టుకో" అని ఎవరూ లేని ప్రక్కకు చెప్పుచుండెను. కారు పోవునేమోనన్న భయమొకటి, ఆమె ఇక ఎక్కదేమోనన్న బెంగ ఒకటి. రెండవదే ఎక్కువ బాధించెను గాని, పౌరుషవంతుడగుటచే మొదటిదానిని గూర్చియే మాటలాడెను.

పూర్వము ఆ కెప్టెను డిక్కీలో మరచిపోయిన ఒక మోటారు పత్రిక ఆయనకు వేదము. అందు ఒక పుటలో, ఎర్రని కారొకటి మంచుకొండనెక్కుచుండగా, క్రింద "చలికాలము వచ్చుచున్నది, మీ టైర్లు సిద్ధమేనా?" అని ఉండెను. మంకీ టోపీ సవరించుకొనుచు ఆ వాక్యమును ముమ్మారు చదివి, ఆ ప్రశ్న తన్నుద్దేశించినదేనని ఆయన నిశ్చయించెను. వెంటనే మద్దిలపాలెము డిపో ఎదుటనున్న టైర్ల షాపునకు దండు వెడలెను. ఆ షాపు అధిపతి వరహాలు, ముప్పది ఏండ్లుగా టైర్లు ఊడదీసి బిగించి అరచేతులు నల్లబడినవాడు.

అచ్యుతరామయ్యకు ఒక జాడ్యము కలదు. పోర్టు ఉద్యోగుల నాటకములలో పదేండ్లుగా రాజవేషములు వేసి వేసి, మనసు కలత చెందినప్పుడెల్ల ఆయన మామూలుగా మాటలాడలేడు.

"ఓయీ వరహాలూ! హేమంత హిమానిల ఝంఝామారుతములు చెలరేగు ఈ ఘోర శీతకాలమున, మదీయ శకట చక్ర చతుష్టయమునకు తగిన వజ్రకవచములు నీ ఆయుధాగారమున కలవా, లేవా?"

వరహాలు బీడీ ఆర్పి, టైరును కాలితో తన్ని చూచెను.

"టైర్లా బాబూ. కొత్తవి కావాలంటే నెలన్నర పడతాది. రీట్రెడ్డులైతే రేపే ఏసేత్తాను. సలికాలానికి ఏరే టైర్లేటి, నాను ఇన్నేళ్లుగా సేత్తన్నాను, సూడనేదు."

నెలన్నర వేచినచో గడువు దాటును. రీట్రెడ్డు అనగా పాత టైరుపై కొత్త తొడుగు, వయసు మళ్లినవాడు తలకు రంగు వేసికొన్నట్టిది. ఆ రెండును వీరునకు తగవని తలచి అచ్యుతరామయ్య కారును వన్ టౌన్ వైపు త్రిప్పెను. అచ్చట పోర్టు గోడ వెనుక సందులో, ఓడల మీదినుండి దిగిన సబ్బులు, గొడుగులు, టేప్ రికార్డర్ల నడుమ కన్నబాబు అను వర్తకుడు కొలువుతీరి ఉండును. అతడు గోనెపట్టా తొలగించి చూపిన వస్తువును చూచి మన నాయకుడు మంకీ టోపీ తీసి చేత పట్టుకొనెను.

అవి చక్రములతో సహా నాలుగు టైర్లు. ఏదో చలిదేశపు నావికుడు వదలిపోయినవి. లోతైన గాడులు, కటిక నలుపు, పైగా ఒంటినిండ మొలచిన ఇనుప మేకులు.

"ఐసు మీద నడిసే టైర్లు బావగారూ," అనెను కన్నబాబు. "ఐసు మీదే పట్టిడవనిది, మన సింహాసెలం ఏపాటిది?"

ఈ తర్కమునకు ఎదురేది? అచ్యుతరామయ్య ఎదురు వెదకలేదు కూడ.

మరునాడు మద్దిలపాలెమున సంగ్రామము మొదలయ్యెను. వరహాలు ఆ విదేశీ చక్రమునెత్తి కారునకు తగిలించబోగా, నాలుగు బోల్టులలో రెండు దూరెను, రెండు దూరలేదు. మూడు మిల్లీమీటర్ల తేడా. త్రిప్పి చూచిరి, తిరగేసి చూచిరి, నూనె పోసిరి. మధ్యాహ్న భోజనము చల్లారెను. సుత్తితో నాలుగు మొత్తుమని అచ్యుతరామయ్య ఆజ్ఞాపించెను.

"సుత్తికి బెదిరిపోడానికి అదేటి మనిసా బాబూ," అని వరహాలు కొత్త చక్రములనుండి టైర్లూడదీసి, పాత చక్రములకే తొడిగెను. ఆ సాయంకాలము కారు సీతమ్మధార వీధులలో అడుగిడినప్పుడు మేకులు రోడ్డును తాకి కటకటమని మ్రోగగా, కిటికీలు తెరచుకొనెను. గేదెల మంద కాలికి లాడములు కొట్టించుకొని వచ్చుచున్నదని అందరును భ్రమించిరి.

భ్రమరాంబ గుమ్మమున నిలిచి చూచెను. "టైర్లేనా ఇవి?" అని మాత్రమడిగి, "సరే, రేపు సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించండి. నేను బస్సులో అక్కడికొస్తాను," అనెను.

విశాఖలో బండికి కొత్తగా ఏమి వచ్చినను ఆసిల్‌మెట్టలోని ఆ గుడి ముందు మ్రొక్కక కదలదు. కుంకుమ, దండ, కొబ్బరికాయ, ఆపై నాలుగు చక్రముల ముందు నాలుగు నిమ్మకాయలు. బండి కదలి నాలుగింటిని చితుకద్రొక్కవలెను. అప్పుడే ఇంటివారు అందులో కూర్చుండెదరు. ఆ ఉదయము పట్టుపంచె కట్టిన అచ్యుతరామయ్య, ఏమగునో చూడవచ్చిన వరహాలు, కొంచెము ఎడముగా భ్రమరాంబ, వెనుక వరుసలో రెండు స్కూటర్లు, ఒక లారీ. పూజారి సైగ చేసెను. ఇంజను గర్జించెను. కారు జానెడు ముందునకు ఉరికెను.

మూడు నిమ్మకాయలు చితికెను. ఎడమ ముందు చక్రము క్రింద రోడ్డు కొంచెము గుంట. ఆ గుంటలో టైరు అంచు మేకుల మీదనే నిలబడెను గనుక, నాలుగవ నిమ్మకాయ చితుకుటకు బదులు మేకునకు గ్రుచ్చుకొని, చక్రముతో పాటు పైకి లేచి, లోకమును కలియజూచెను.

పూజారి ఆ చక్రమునకే రెండవ నిమ్మకాయను నట్టనడుమ పెట్టెను. అది మేకుల నడుమనుండి జారి, వీధిలోనికి దొర్లి, పోవుచున్న ఒక ఆటో క్రింద పడి చితికెను. ఆ పుణ్యము ఆటోకు చెందునా, కారునకు చెందునా అని స్కూటర్లవారు వాదులాడుకొనిరి. మూడవది మరల గ్రుచ్చుకొనెను. లారీవాడు హారను మ్రోగించెను.

"మేకులు పీకెయ్యండి బాబూ," అనెను వరహాలు పటకారు చూపుచు. "మన రోడ్డుకి మేకులెందుకు?"

అచ్యుతరామయ్య నిటారుగా నిలిచెను. "ఏమంటివి? మేకులు లేని శీతకాలపు టైరా! కోరలు లేని సింగమా! మూడు మిల్లీమీటర్ల శత్రువును జయించి, ఏడు సముద్రములు దాటి వచ్చిన ఈ ఉక్కు గోళ్లను ఒక నిమ్మకాయకు వెరచి నా చేతులతో నేనే ఊడబెరుకుదునా? కల్ల. సూర్యుడు డాల్ఫిన్ కొండ వెనుక ఉదయించినను..."

అంతలో ఆయన కంట భ్రమరాంబ పడెను. ఆమె కొంగు సవరించుకొని బస్టాపు వైపు ఒక్క అడుగు వేసెను.

ఒక్కటే అడుగు. ప్రసంగము అక్కడే ఆగిపోయెను. సూర్యుడెక్కడ ఉదయించినదీ ఎవరికిని తెలియలేదు. పోర్టు రంగస్థలమున సామంతరాజుల శిరస్సులను లెక్కచేయని ఆ మహావీరుడు, వరహాలు చేతినుండి పటకారు లాగికొని, పట్టుపంచెతో నడివీధిని మోకాళ్లపై కూలబడి, మొదటి మేకును పట్టి పెరికెను. అది రానని మొరాయించి, కడకు వచ్చెను. రెండవది వచ్చెను. బొటనవ్రేలు చీరుకొనెను. లారీవాడు హారను మాని క్రిందికి దిగి చూడసాగెను.

పదునేడవ మేకు వద్ద ఒక నీడ ప్రక్కన కూర్చుండెను.

"ఎన్నున్నాయండీ?" అనెను భ్రమరాంబ.

"ఈ చక్రానికే అరవై నాలుగు," అనెను అచ్యుతరామయ్య. మొదటిసారిగా మామూలు తెలుగులో.

ఆమె చెంగు చాచి పట్టుకొనెను. "పీకండి. కిందేస్తే ఎవరి కాలికో గుచ్చుకుంటాయి, ఇందులో వెయ్యండి."

ఆయన పెరికెను, ఆమె పట్టెను. వెనుక వరుస మద్దిలపాలెము దిక్కుగా పెరిగెను గాని, విచిత్రముగా ఎవరును తొందరపెట్టలేదు. అరువది నాలుగవ మేకు చెంగున పడిన పిదప పూజారి నాలుగవ నిమ్మకాయను, ఈసారి తానే మనసులో ఏదో మ్రొక్కుకొని, గుంటలో ఉంచెను. కారు కదలెను. టైరు గుంటలోనికి మెత్తగా దిగెను. సన్నని శబ్దమొకటి వినబడెను, గుప్పున పులుపు వాసన వచ్చెను.

భ్రమరాంబ చెంగులోని మేకులను మూట కట్టి వరహాలు చేతిలో పెట్టి, తలుపు తీసి, కారులో కూర్చుండి, తలుపు గట్టిగా లాగికొనెను.

"మిగతా మూడు చక్రాలవీ?" అని అచ్యుతరామయ్య భయముభయముగా అడిగెను.

"అవి ఇంటి దగ్గర పీకుదాం. ఇప్పుడు ఇంటికొద్దు. అలా బీచి రోడ్డు మీదుగా పోనివ్వండి."

కావున ఓ విశాఖపౌరులారా, మఫ్లర్లు వదులు చేసికొని వినుడు, ఓడలారా, బెర్తులలోనే ఉండి వినుడు. రుధిరోద్గారి మార్గశిరమున, ఆసిల్‌మెట్ట మహారణరంగమున, చతుర్థ ప్రయత్నమున, జానెడు దూరము సాగిన దండయాత్రలో, ఒక నిమ్మకాయ చితికెను. భ్రమరాంబ కారెక్కెను.