తల్లి గడిలో నక్క సంతకం

ఒక పెద్ద అడవిలో పిల్లల్ని తినడం నేరం కాదు. పిల్ల పోయిందని తల్లి వచ్చి సభలో చెబితే, అప్పుడు నేరం. ఆ నిబంధన ఎవరు రాశారో తెలీదు గాని, రాసినవారికి పళ్ళు గట్టివని మాత్రం తెలుస్తూనే ఉంది.

ఆ అడవిలో జంబునాథం అనే నక్క ఉండేవాడు. కిందటేడు ఒకే ఒక్క కోడిపిల్లను తిన్నందుకు సవలమ్మ అనే అడవికోడి అతన్ని సభకీడ్చింది. అధ్యక్షుడు ఏనుగు అతని మూతికి రెండు నెలలపాటు చిక్కం కట్టించాడు, నూర్పిళ్ళలో ఎద్దుకు కట్టినట్టు. ఆ రెండు నెలలూ జంబునాథం తీరిగ్గా ఆలోచించాడు. తప్పు పిల్లది కాదు. తనది అసలే కాదు. తప్పంతా పిల్లకు తల్లి ఉండటంలో ఉంది.

చిక్కం ఊడిన మర్నాడే సభలో లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా! మన కోళ్ళు ఇంకా పాత పద్ధతిలోనే పడున్నాయి. ఒక్కో కోడి పది గుడ్లేసుకుని ఇరవై ఒక్క రోజులు కూర్చుంటుంది. అందులో రెండు మురుగుతాయి. కూర్చున్నన్నాళ్ళూ మళ్ళీ గుడ్డు పెట్టదు. అడవికెంత నష్టం! ఒక హేచరీ పెడదాం. జాతి గుడ్లు తెప్పించి ఒకేచోట వేస్తే, ఒక్క రోజులో మూడొందల పిల్లలు."

"పొదిగేదెవరు?" అన్నాడు ఏనుగు.

"పెంటపోగు. ఆకులు కుళ్ళితే వచ్చే వేడి చాలు. కొండముచ్చులు పూటకోసారి గుడ్లు తిప్పుతాయి."

"మరి తల్లి?"

"తల్లి అవసరమే లేకపోవడం ఈ పథకం గొప్పతనం అధ్యక్షా."

అడవిపంది గట్టిగా చప్పట్లు కొట్టాడు. అతనికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానిదే అభివృద్ధి అని అతని నమ్మకం.

పథకం పాసయింది. జంబునాథమే హేచరీ అధికారి.

పోగులో నాలుగొందల గుడ్లు పెట్టారు. ఎవరైనా చూస్తున్నప్పుడు కొండముచ్చులు వాటిని శ్రద్ధగా తిప్పాయి. ఇరవయ్యో రోజు ఒక్కో గుడ్డునూ ఎండకెత్తి చూస్తే నూటపదకొండు మురిగాయని తేలింది. సభకు చెప్పిన మూడొందలకు పదకొండు తక్కువ.

సరిగ్గా పదకొండు గుడ్ల మీద సవలమ్మ కూర్చుని ఉంది. ఆమెకూ అది ఇరవయ్యో రోజే.

గుమాస్తా ముళ్ళపంది ఉత్తర్వు పట్టుకుని వచ్చాడు. వెనక బుట్టతో ఆరుగురు కొండముచ్చులు.

"ఒక్కరోజు ఆగండి గుమాస్తా గారూ. రేపు పగులుతాయి. లోపల పొడుస్తున్నాయి, కావాలంటే చెవి పెట్టి వినండి."

"వినమని ఉత్తర్వులో లేదమ్మా. ఏరమని ఉంది."

"పోనీ నన్ను కూడా తీసుకెళ్ళి ఆ పోగు మీద కూర్చోబెట్టండి."

"హేచరీలో కోడా?" ముళ్ళపంది నొచ్చుకున్నాడు. "చూసినవాళ్ళేమనుకుంటారు?"

సవలమ్మ ఒక కొండముచ్చు వేలు రక్తం వచ్చేలా పొడిచింది. కాని ఆ ఆరుగురికీ కలిపి వేళ్ళు చాలా ఉన్నాయి. గుడ్లు వెళ్ళిపోయాయి.

మర్నాటికి మూడొందల పిల్లలూ బయటికొచ్చాయి. పోగంతా కిచకిచలు. జంబునాథానికి నోట్లో నీళ్ళూరాయి.

"నూకలివ్వు," అన్నాడు గుమాస్తాతో.

ముళ్ళపంది రిజిస్టరు తెరిచాడు. "తల్లి పేరు గడి ఖాళీగా ఉందండి. ఖాళీగా ఉంటే నూకలు విడుదల కావు."

"హేచరీ పిల్లలకు తల్లి ఏమిటయ్యా?"

"నాకూ తెలుసండి. గడికి తెలీదు."

రెండు రోజులు చూశాడు జంబునాథం. పిల్లలు ఎండిపోతున్నాయి. ఈకలూ ఎముకలూ తప్ప ఏమీ లేని పిల్లను తినడానికి ఇంత పెద్ద పథకమా? విసుగ్గా రిజిస్టరు లాక్కుని, మూడొందల గడుల్లోనూ తన పేరే రాసి సంతకం పెట్టాడు. నూకలు వచ్చాయి. పిల్లలు బలిశాయి. ఆయన రోజుకు రెండు చొప్పున, పండగ రోజుల్లో మూడు చొప్పున పథకం ఫలాలు అందుకోసాగాడు.

సవలమ్మ మాత్రం రోజూ గుమాస్తా దగ్గరికి వచ్చేది. "నా పిల్లల్ని నాకిప్పించండి. పోగు దగ్గర ఈకలు కనబడుతున్నాయి. సభలో చెప్పాలి."

"చెప్పడానికి నువ్వు తల్లివి కాదు కదమ్మా. రిజిస్టరులో లేవు."

"రిజిస్టరులో ఎవరున్నారు?"

"జంబునాథం గారు."

సవలమ్మ మెడ పక్కకి వంచింది. "పిల్ల పోయినా తల్లి చెప్పకపోతే?"

ముళ్ళపంది నిబంధనల పుస్తకం తిరగేశాడు. అతనికి ఇష్టమైన పని అదే. "ఏడో నిబంధన. పిల్ల పోయిన సంగతి దాచిన తల్లికి, తిన్నవాడికి పడే శిక్షే పడుతుంది."

"ఎవరైనా లెక్క అడగొచ్చా?"

"లెక్క ఎవరైనా అడగొచ్చు. ఇంతవరకు ఎవరూ అడగలేదు."

సవలమ్మ అడిగింది. పౌర్ణమి సభలో పిల్లల్ని లెక్కపెట్టారు. రెండొందల డెబ్బై ఒకటి.

"జంబునాథం, నీ పిల్లలు ఇరవైతొమ్మిది పోయాయి. తల్లివై ఉండి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఏనుగు.

"నేను తల్లినేమిటి అధ్యక్షా!"

గుమాస్తా రిజిస్టరు చూపించాడు. మూడొందల సంతకాలు.

"గద్ద తన్నుకుపోయింది అధ్యక్షా. దుఃఖంలో నోరు రాలేదు."

"మీసానికి ఆ పసుపు నూగేమిటి?" అన్నాడు అడవిపంది. అతనికి అర్థమైన మొదటి విషయం అదే.

"తల్లిని కదండీ. ముద్దు పెట్టుకుంటే అంటుకుంది."

సభ చల్లబడింది. అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంత ప్రేమ నేనెక్కడా చూడలేదు. ఈ తల్లినీ పిల్లల్నీ విడదీయడం పాపం. పిల్లలకు రెక్కలు వచ్చేదాకా అన్నిటినీ కడుపు కింద పెట్టుకుని సాకాలి. దాచినందుకు మాత్రం ఏడో నిబంధన ప్రకారం మూతికి చిక్కం. పూటకోసారి విప్పి గుప్పెడు నూకలు పెట్టండి."

"నూకలా?" అన్నాడు జంబునాథం. అప్పటికే చిక్కం బిగించేశారు.

"మరి నా పదకొండు?" అంది సవలమ్మ.

"ఏవి నీవో రాసి లేదమ్మా," అన్నాడు గుమాస్తా.

సవలమ్మ పిల్లల గుంపుకు ఎదురుగా నిలబడి గొంతులోనే చిన్నగా పిలిచింది, గుడ్లు పొదిగేటప్పుడు పిలిచినట్టు. జాతి పిల్లలు నూకలు ఏరుకుంటూనే ఉన్నాయి. వాటికది ఏదో చప్పుడు. పెంకులో ఉండగా ఆ గొంతు విన్నవి మాత్రం తలెత్తాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి ఆమె రెక్కల కింద దూరాయి.

తొమ్మిది.

ఆమె మళ్ళీ పిలిచింది. కాసేపు ఆగి మళ్ళీ పిలిచింది. ఇంకెవరూ రాలేదు. జంబునాథం నేల చూపులు చూశాడు.

"తొమ్మిదింటినీ రిజిస్టరులోంచి కొట్టెయ్యాలంటే తల్లి సంతకం కావాలి," అన్నాడు గుమాస్తా.

జంబునాథం ఉరికొచ్చి సంతకం పెట్టాడు. ఒక పిల్ల అతని తోక పట్టుకుని వేలాడుతోంది, ఇంకో రెండు చెవుల మీద ఎక్కి కూర్చున్నాయి. చిక్కంలోంచి బతిమాలాడు. "అక్కా, సవలమ్మక్కా! మిగతావి కూడా తీసుకుపో. నీకు పుణ్యముంటుంది."

"ఇరవై రోజులు ఒళ్ళు కాల్చుకుని తెచ్చుకున్నాను వీటిని. నువ్వు సంతకంతో తెచ్చుకున్నావు. ఎవరివి వాళ్ళు పెంచుకుందాం," అని సవలమ్మ తొమ్మిది పిల్లలతో పొదల్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు సభ రెండు తీర్మానాలు చేసింది. హేచరీ పథకం విజయవంతమైంది. వచ్చే ఏడు ఆరొందల గుడ్లు.

నీతి: పథకాన్ని మింగదలచినవారు ముందుగా దాని రిజిస్టరును చివరి గడి దాకా చదువుకోవాలి.